పాత లెన్స్, కొత్త మిర్రర్‌లెస్ బాడీ: మౌంట్ గుర్తించడం నుంచి ఫంగస్ పట్టకుండా దాచుకోవడం దాకా

"నాన్నగారి పాత నికాన్ లెన్స్ నా సోనీకి పడుతుందా?" "అడాప్టర్ తగిలించాను, షట్టర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు." "దగ్గరవి బాగానే వస్తున్నాయి, దూరంగా ఉన్నవి ఒక్కటీ షార్ప్‌గా రావట్లేదు, లెన్స్ పోయినట్టేనా?" భీమవరం నుంచి అమలాపురం దాకా ఫొటోలు తీసేవాళ్లు అడిగేవి తిప్పి తిప్పి ఇవే. ఎవరికి వాళ్లకి విడిగా జవాబు చెప్పినా తర్వాతి మెట్టు దగ్గర మళ్లీ ఆగిపోతున్నారు, ఎందుకంటే తేడా అంతా పని వరుసలో ఉంది. లెన్స్ చేతికి రాగానే తగిలించేసి గోదావరి గట్టు మీదకి పరిగెడితే, ఫొటో పాడైనప్పుడు తప్పు లెన్స్‌దా, దాన్ని కెమెరాకి కలిపే అడాప్టర్‌దా, మన చేతిదా అన్నది అక్కడ తేలదు. అందుకే బయటికి వెళ్లేముందు చేసుకోవాల్సిన పనికి ఇందులో ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ముందు మౌంట్ ఏదో తేల్చుకోండి

మన వైపు పాత లెన్సులు ఎక్కువగా రెండు చోట్ల బయటపడతాయి. ఫిల్మ్ రోజుల్లో పెళ్లిళ్లు తీసిన స్టూడియోల అటకల మీద ఒకటి, కువైట్, దుబాయ్ వెళ్లొచ్చినవాళ్ల బీరువాల్లో రెండోది. చాలాసార్లు కెమెరాతో కలిపే ఉంటాయి కాబట్టి కెమెరా పేరు చూస్తే మౌంట్, అంటే లెన్స్ బాడీకి బిగుసుకునే తీరు, తెలిసిపోతుంది.

- నికాన్ ఎఫ్ఎం2, ఎఫ్ఎం10: నికాన్ ఎఫ్ మౌంట్
- పెంటాక్స్ కె1000: పెంటాక్స్ కె మౌంట్
- యాషికా ఎఫ్ఎక్స్‌-3: కాంటాక్స్-యాషికా మౌంట్
- జెనిట్ ఇ, పెంటాక్స్ స్పాట్‌మాటిక్: ఎం42, అంటే మర తిప్పి బిగించే రకం
- కెనాన్ ఏఈ-1: ఎఫ్‌డీ మౌంట్
- మినోల్టా ఎక్స్-700: మినోల్టా ఎండీ మౌంట్
- ఒలింపస్ ఓఎం-1: ఓఎం మౌంట్

యాషికా మ్యాట్ 124 లాంటి పైన ఒకటి కింద ఒకటి రెండు లెన్సులుండే కెమెరాలు, యాషికా ఎలక్ట్రో 35, పాత హాట్‌షాట్‌లు పక్కన పెట్టేయండి. వాటి లెన్స్ బాడీ నుంచి ఊడి రాదు.

మౌంట్ తెలిశాక లెన్స్ మీద అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగు ఉందో లేదో చూడండి. 2, 2.8, 4, 5.6 అంటూ 16 దాకానో 22 దాకానో అంకెలుండి, తిప్పితే లోపల రేకులు ముడుచుకుంటుంటే మీ పని సులువు. నికాన్‌లో పేరు చివర 'జీ' ఉన్న లెన్సులకి ఈ రింగు ఉండదు, అపర్చర్ తిప్పే రింగు అడాప్టర్‌కే ఉన్న రకం కొనాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో అపర్చర్ కరెంటుతో నడుస్తుంది, వాటికి కాంటాక్టులున్న ఎలక్ట్రానిక్ అడాప్టర్ తప్పదు. మామూలు ఇనప రింగు లాంటిది తగిలిస్తే ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

అసలు ఎందుకు పడుతుందో ఒక్క మాటలో చెబుతాను, అడాప్టర్ కొనేటప్పుడు ఇది పనికొస్తుంది. ప్రతి మౌంట్‌కీ లెన్స్ వెనక అంచుకీ ఫిల్మ్‌కీ మధ్య ఇంత అని దూరం ఉంటుంది. నికాన్ ఎఫ్‌కి 46.5 మి.మీ., ఎం42కీ పెంటాక్స్ కె కీ 45.46, కెనాన్ ఎఫ్‌డీకి 42. లోపల అద్దం లేదు కాబట్టి మిర్రర్‌లెస్ బాడీల్లో ఇది చాలా తక్కువ: సోనీ ఇ 18, నికాన్ జెడ్ 16, కెనాన్ ఆర్ఎఫ్ 20, ఫ్యూజీ ఎక్స్ 17.7. మిగిలిన ఖాళీని నింపేదే అడాప్టర్. నికాన్ ఎఫ్ లెన్స్‌ని సోనీకి వేయాలంటే 46.5లోంచి 18 తీసేస్తే వచ్చే 28.5 మి.మీ. మందం కచ్చితంగా ఉండాలి. ఆ 'కచ్చితంగా' అన్న మాట దగ్గరే సగం గొడవలు, ఆరో మెట్టులో దాని సంగతి చూద్దాం.

మీ బాడీ ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది, కాకపోతే (ఫ్యూజీ ఎక్స్, సోనీ ఏ6000 వరస లాంటివి) 50 ఎంఎం లెన్స్ 75 ఎంఎం అంత బిగుతుగా కనిపిస్తుంది. ఇంట్లో పదిమందిని ఒక ఫ్రేములో పట్టించడానికి 50 కొంటున్నవాళ్లు ఆగి ఆలోచించుకోండి, గోడకి ఆనుకుని నిలబడినా పట్టరు.

## 2. టార్చ్ వేసి చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు

గోదావరి జిల్లాల్లో పాత లెన్స్ అంటే ముందు అనుమానించాల్సింది ఫంగస్‌నే. తేమలో, బట్టల మధ్య, తోలు కేసులో ఏళ్ల తరబడి మూసి ఉంచినవి ఇవి.

అపర్చర్ పూర్తిగా తెరవండి. వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త పక్కవాటుగా చూడండి. నిటారుగా చూస్తే వెలుగు కళ్లలో పడుతుందే గాని లోపం కనిపించదు. తర్వాత ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి చూడండి.

- అంచుల దగ్గర సాలెగూడు దారాల్లా పాకినట్టుంటే ఫంగస్. అంచున కొద్దిగా ఉంటే ఫొటోలో తెలియకపోవచ్చు. నడిమధ్యకి పాకి ఉంటే, అద్దం పూతని తినేసి ఉంటే శుభ్రం చేయించినా మచ్చ మిగులుతుంది.
- అద్దం మొత్తం పొగ పట్టినట్టు మసకగా ఉంటే హేజ్. ఇది ఫంగస్ కన్నా ఎక్కువ చెడగొడుతుంది, ఎండకి ఎదురుగా తీసిన ప్రతి ఫొటో పాలిపోతుంది.
- అంచున ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తుంటే రెండు అద్దాలని అతికించిన జిగురు వదులుతున్నట్టు. తీసుకోవద్దు.
- అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో, రింగు తిప్పగానే రేకులు చురుగ్గా కదులుతున్నాయో లేదో చూడండి.
- ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో పట్టేసినా గరగరలాడినా ఇసుకో, ఎండిపోయిన గ్రీజో.

దుమ్ము రేణువులు, ముందు అద్దం మీద ఒకటి రెండు సన్న గీతలు ఫొటోలో కనిపించవు. వాటిని చూపించి బేరమాడండి గాని వాటి కోసం లెన్స్ వదులుకోకండి. వెనక అద్దం మీద గీత మాత్రం వేరే లెక్క, అది సెన్సర్‌కి దగ్గర కాబట్టి కనిపిస్తుంది.

పెంటాక్స్ 50 ఎంఎం ఎఫ్1.4 టకుమార్ లాంటి కొన్ని లెన్సుల అద్దం పసుపు రంగులోకి తిరిగి ఉంటుంది. అది మురికి కాదు. ఆ గాజులో థోరియం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు విరుగుతుంది. ఎండలో కిటికీ గట్టున పెట్టేవాళ్లూ ఉన్నారు, కాని లెన్స్ ఎండని ఒకచోటికి చేర్చి కర్టెన్ అంటించగలదని మర్చిపోవద్దు. ఆ రకం లెన్స్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, విప్పి అద్దాన్ని గీకడం, రుద్దడం మాత్రం చేయకండి.

## 3. అడాప్టర్ ఎంపిక

పేరులో రెండు వైపులూ సరిచూసుకోండి. ముందు లెన్స్ మౌంట్, తర్వాత బాడీ మౌంట్. 'నికాన్ ఎఫ్ టు సోనీ ఇ' కావాల్సినవాళ్లు 'నికాన్ ఎఫ్ టు కెనాన్ ఈఎఫ్' తెప్పించుకుని తిప్పి పంపే కథలు వింటూనే ఉన్నాం.

మామూలు అడాప్టర్ అంటే ఖాళీ గొట్టం. లోపల గాజు ఉండకూడదు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌ల మీద కొన్ని పాత లెన్సులు దూరం ఫోకస్ అవడానికి గాజు పెట్టేవాళ్లు, మిర్రర్‌లెస్‌కి ఆ అవసరం లేదు. స్పీడ్ బూస్టర్ అని అమ్మేది మాత్రం వేరు: దానిలో గాజు కావాలనే పెడతారు. ఫుల్‌ఫ్రేమ్ లెన్స్ చూపును చిన్న సెన్సర్‌కి కుదించి, సుమారు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుతురు కలిసొచ్చేలా చేస్తుంది. చిన్న సెన్సర్ ఉన్నవాళ్లకి మంచిదే, కాని మొదటి కొనుగోలుగా వద్దు.

చేతిలోకి రాగానే చూడాల్సినవి:

- లెన్స్ బిగించాక అటూ ఇటూ ఊపితే కదలిక ఉండకూడదు. తిరిగే వైపు వెంట్రుకవాసి కదిలితే పర్వాలేదు, ముందుకీ వెనక్కీ కదిలితే వెనక్కి పంపండి.
- లోపలి గోడ నల్లగా, మెరుపు లేకుండా ఉండాలి. మెరిసే గోడ వల్ల నీళ్ల మీద ఎండ ఉన్న ఫొటోలో మధ్యన తెల్లటి మచ్చ వస్తుంది.
- స్క్రూలన్నీ బిగించి ఉన్నాయా.
- ఎం42 అయితే లోపల అంచు ఉన్న రకమే తీసుకోండి. చాలా ఎం42 లెన్సుల వెనక చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని ఆ అంచు నొక్కి ఉంచితేనే రింగు తిప్పినప్పుడు రేకులు కదులుతాయి. కొన్ని లెన్సుల మీద ఆటో, మాన్యువల్ అని స్విచ్ ఉంటుంది, మాన్యువల్‌లో పెడితే సరి. హీలియోస్ 44-2 అనే రష్యన్ లెన్స్‌కి అసలు పిన్నే లేదు, ఏ అడాప్టరైనా ఒకటే.

నికాన్ జెడ్ వాళ్లకి కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంది. ఏఎఫ్-ఎస్ లెన్సులకి ఆటోఫోకస్ వస్తుంది. కాని బాడీలోని మోటార్‌తో తిరిగే ఏఎఫ్-డీ రకానికి రాదు, చేత్తో తిప్పుకోవాలి. కెనాన్ ఆర్ వాళ్లు ఈఎఫ్ లెన్సులకి కంపెనీ అడాప్టర్ వాడుకుంటే ఏ తిప్పలూ లేవు, అంతా మామూలుగా పనిచేస్తుంది.

## 4. మెనూలో మూడు మార్పులు

పాత లెన్స్‌తో బాడీకి మాటా మంతీ ఉండదు. అసలు లెన్సే లేదనుకుంటుంది. అందుకే షట్టర్ పడదు.

ఒకటి: 'లెన్స్ లేకుండా షట్టర్' అన్న అర్థం వచ్చే ఆప్షన్ ఆన్ చేయండి. సోనీలో 'రిలీజ్ వితవుట్ లెన్స్', ఫ్యూజీలో 'షూట్ వితవుట్ లెన్స్', కెనాన్‌లో 'రిలీజ్ షట్టర్ వితవుట్ లెన్స్'. షట్టర్ పడట్లేదని అడిగేవాళ్లందరికీ ఇదే మందు.

రెండు: బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్ చేత్తో ఇవ్వాలి. లెన్స్ మీద ఏ ఎంఎం అంకె రాసి ఉంటే అదే, 1.5తో గుణించి పెట్టకండి. 135 లెన్స్ మారుస్తూ పాత 28నే వదిలేస్తే స్టెబిలైజేషన్ చాలినంత పనిచేయదు. 28 లెన్స్‌కి 135 అని ఉంటే ఇంకా కంగాళీ, లేని కదలికని కెమెరాయే తెస్తుంది. దీన్ని ఒక బటన్‌కి కేటాయించుకోండి, మెనూలో వెతుక్కునే ఓపిక బయట ఉండదు.

మూడు: ఫోకస్ పీకింగ్ (ఫోకస్ ఉన్న అంచులని రంగుతో చూపించేది) ఆన్ చేసి స్థాయి 'లో'లో, రంగు ఎరుపులో పెట్టండి. మన దగ్గర ఎటు చూసినా వరిచేలు, కొబ్బరాకులే కాబట్టి పసుపు, తెలుపు రంగులు ఆ పచ్చదనంలో కలిసిపోతాయి. ఫోకస్ పెద్దదిగా చూపించే బటన్‌ని బొటనవేలికి అందేచోట పెట్టుకోండి. పీకింగ్ కన్నా ఇదే ముఖ్యం.

## 5. బిగించే వరుస

కెమెరా ఆఫ్ చేయండి. ముందు లెన్స్‌ని అడాప్టర్‌కి బిగించి, ఆ రెండూ కలిపి బాడీకి తగిలించండి. విప్పేటప్పుడు కూడా అడాప్టర్‌తో సహా తీయండి. బాడీ ముఖం నేల వైపు ఉంచాలి. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ బయటికే కనిపిస్తుంటుంది, పడవలోనో పంటు మీదో, గాలి వీచే ఇసుకమేట మీదో లెన్స్ మారిస్తే దుమ్మంతా నేరుగా దాని మీదే.

బలం ఉపయోగించాల్సి వస్తే ఆగండి. ఎక్కడో మౌంట్ తేడా ఉంది.

వెనక అద్దం బాగా లోపలికి పొడుచుకొచ్చే లెన్సులతో జాగ్రత్త. జూపిటర్-12 అలాంటిదే, కొన్ని బాడీల లోపలి భాగాలకి తగులుతుంది. లోపలికి ముడిచే పాత ఇండస్టార్‌లని బాడీ మీద ఉండగా ముడవకండి.

ఎం42 లెన్స్ బిగించాక అంకెలు పైకి రాకుండా పక్కకో కిందకో వస్తే అడాప్టర్ అంచున మూడు బుల్లి స్క్రూలుంటాయేమో చూడండి. వాటిని వదులు చేసి, అంకెలు పైకి వచ్చేదాకా తిప్పి మళ్లీ బిగించాలి.

కెనాన్ ఎఫ్‌డీ అడాప్టర్ మీద లాక్, ఓపెన్ అని ఒక రింగు ఉంటుంది. లాక్ వైపు తిప్పితేనే లెన్స్ రింగుతో పాటు రేకులు ముడుచుకుంటాయి. లెన్స్ మీద ఆటో గుర్తు దగ్గర రింగు ఆగి ఉంటే దాన్ని అంకెల వైపు తెచ్చుకోండి.

## 6. ఇన్ఫినిటీ పరీక్ష: ఇది చేయకుండా బయటికి వెళ్లొద్దు

'దూరం షార్ప్‌గా రావట్లేదు' అన్న ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ అడాప్టర్ మందంతోనే తేలుతుంది. లెక్క చూడండి. అడాప్టర్ ఉండాల్సిన దానికన్నా 0.05 మి.మీ. మందంగా ఉందనుకుందాం, అంటే మామూలు ప్రింటర్ కాగితం మందంలో సగం. అప్పుడు 28 ఎంఎం లెన్స్‌ని ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం, ∞ గుర్తు) దాకా తిప్పినా సుమారు 16 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 50 ఎంఎం అయితే 50 మీటర్ల దగ్గర, 135 అయితే 360 మీటర్ల దాకా పోతుంది. అదే అడాప్టర్, అదే లోపం. అందుకే "135తో బాగానే వస్తోంది, 28 పాడైపోయింది" అనుకుని మంచి 28ని అమ్మేస్తుంటారు.

ఈ తేడా రాకుండా చాలా కంపెనీలు అడాప్టర్‌ని కావాలనే కొంచెం పల్చగా చేస్తాయి. అప్పుడు లెన్స్ ఇన్ఫినిటీ గుర్తు రాకముందే దూరం ఫోకస్ అయిపోతుంది. మామూలు వాడకంలో దీనితో ఇబ్బంది లేదు. రింగుని చివరిదాకా తోసేసి ఇన్ఫినిటీ అనుకుంటేనే దెబ్బ తింటారు.

పరీక్షకి డెల్టా అంత వీలైన చోటు లేదు. నేలంతా చదును, నది వెడల్పు. గట్టు మీద నిలబడితే అవతలి గట్టున కొబ్బరిచెట్ల వరస ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంచుమించు ఒకే దూరంలో ఉంటుంది. రాజమండ్రి, రావులపాలెం, చించినాడ, యానాం, ఎక్కడైనా సరే.

1. పొగమంచు విడిచాక, ఎండ ముదరకముందు వెళ్లండి. మిట్టమధ్యాహ్నం నీళ్ల మీద వేడికి గాలి తొణుకుతుంది, ఎంత మంచి లెన్సైనా మసకే.
2. ట్రైపాడ్ మీద పెట్టి స్టెబిలైజేషన్ ఆఫ్ చేయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి.
3. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్ రింగు చివరిదాకా తిప్పి ఒక ఫొటో.
4. ఇప్పుడు అవతలి చెట్టు మొవ్వుని పెద్దది చేసి చూస్తూ, అత్యంత షార్ప్‌గా కనిపించే చోట ఒక ఫొటో. రింగు మీద ఆ చోటు గుర్తుపెట్టుకోండి, సన్నని టేపు ముక్క అతికించుకోండి.
5. ఎఫ్5.6లో మరొకటి.
6. మీ దగ్గరున్న అన్నిటికన్నా వైడ్ లెన్స్‌తో ఇదంతా మళ్లీ. లోపం ఉంటే దానిలోనే ముందు బయటపడుతుంది.

3వ అంకె దగ్గర తీసిన ఫొటో మసక, 4వ అంకె దగ్గరిది షార్ప్ అయితే అడాప్టర్ పల్చగా ఉంది, వాడుకోవచ్చు. 3వ అంకె దగ్గరిది కొంచెం మసకగా ఉండి, రింగు ఎటు తిప్పినా అంతకన్నా బాగుపడకపోతే మందం ఎక్కువ. మార్చుకోండి. పల్చగా ఉన్నదాన్ని సరిచేయాలంటే బాడీ వైపు ఉన్న పళ్లెం స్క్రూలు తీసి కింద సన్నని రేకు పొర పెట్టొచ్చు, నలువైపులా సమానంగా. ఆ స్క్రూల తల జపాన్ కొలత, మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే తల అరిగిపోతుంది. చేయి తిరగనివాళ్లు టేపు గుర్తుతోనే సరిపెట్టుకోవడం మేలు.

ఒక వైపు చెట్లు షార్ప్‌గా ఉండి మరో వైపు మసకగా ఉంటే మౌంట్ ఒరిగి ఉంది. కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక ఈసారి చెట్ల రెండో చివరకి మారితే తప్పు మీ పరికరాల్లోనే. అదే అడాప్టర్‌కి ఇంకో లెన్స్ వేసి చూస్తే, మళ్లీ అటువైపే మసక వస్తే అడాప్టర్‌ని, రాకపోతే లెన్స్‌ని అనుమానించండి.

## 7. చేత్తో ఫోకస్ చేయడం

ముందు అపర్చర్ తెరవండి, ఫోకస్ చేయండి, తర్వాత కావాల్సిన అంకె దాకా మూయండి. ఎఫ్11లో పెట్టి ఫోకస్ చేస్తే అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి, అసలు చోటు ఎక్కడో కంటికి అందదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని ఫాస్ట్ లెన్సుల్లో (ఎఫ్1.4 లాంటివి) అపర్చర్ మూస్తుంటే ఫోకస్ చోటు కొంచెం జరుగుతుంది. దగ్గర్నుంచి ముఖం తీస్తున్నప్పుడు ఎఫ్2.8, ఎఫ్4 లాంటి చోట్ల, తీసే అంకె దగ్గరే ఫోకస్ చేస్తే నయం.

హీలియోస్ 44-2కి రెండు రింగులుంటాయి. ముందుదాన్ని ఎఫ్4 దగ్గర పెట్టారనుకోండి. వెనకది పూర్తిగా తెరిచి, కడియం నర్సరీలో ఒక మందార పువ్వు కేసరాలని పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేసి, కన్ను తీయకుండానే వెనక రింగుని మూసే వైపు తిప్పండి, అది ఎఫ్4 దగ్గర తనంతట తనే ఆగుతుంది. అంకెలు లెక్కపెట్టే పనిలేదు. ఆ రింగుకి టిక్ టిక్ లేదు, అందుకే వీడియోవాళ్లకి ఇష్టం. ఈ లెన్స్‌తో నేపథ్యం సుడి తిరగాలని అడుగుతుంటారు: ఎఫ్2లో, మనిషి రెండు మీటర్ల లోపు, వెనక కొన్ని మీటర్ల దూరంలో ఎండ చొరబడే ఆకులు. కొబ్బరితోట చాలు. వెనక ఖాళీ ఆకాశం ఉంటే ఏ సుడీ రాదు.

పీకింగ్ ఎర్రగా మెరిసిందంటే అక్కడ ఫోకస్ ఉన్నట్టే అని నమ్మకండి, కనురెప్పకీ కనుబొమ్మకీ తేడా అది చెప్పలేదు. ఎఫ్4 కన్నా తెరిచి తీసేటప్పుడు పెద్దది చేసి చూడటమే దారి.

కదిలేవాటికి వేరే పద్ధతి. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి జనంలో రింగు తిప్పుతూ కూర్చుంటే ప్రభ దాటిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 28 ఎంఎం, ఎఫ్8 పెట్టి ఫోకస్ 3.3 మీటర్ల దగ్గర వదిలేయండి. సుమారు 1.7 మీటర్ల నుంచి దూరం దాకా చాలినంత షార్ప్‌గా ఉంటుంది, మీరు ఫ్రేము చూసుకుంటే చాలు. అయితే లెన్స్ మీద రాసిన మీటర్ల అంకెలు అడాప్టర్ మందం వల్ల జరిగి ఉంటాయి కాబట్టి, 3.3 మీటర్లు టేపుతో కొలిచి ఒక కుర్చీ పెట్టి దాని మీద ఫోకస్ చేసి, రింగు మీద గుర్తు పెట్టుకోండి.

## 8. వెలుతురు సంగతి

మోడ్ 'ఏ' లేదా 'ఏవీ'లో పెట్టండి. అపర్చర్ మీ చేతిలో, షట్టర్ కెమెరా చూసుకుంటుంది. తెర మీద 'ఎఫ్' పక్కన గీతలో సున్నాలో కనిపిస్తే కంగారు పడొద్దు, కెమెరాకి ఆ అంకె తెలియదు అంతే. ఫొటో వివరాల్లో కూడా రాదు, కావాలనుకుంటే రాసుకోండి.

ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ స్పీడ్ మీరే పెట్టాలి. 50కి 1/125, 135కి 1/250 తక్కువ కాకుండా చూసుకోండి.

పాత పూతల లెన్సులకి ఎదురెండ పడదు. నీళ్లు పెట్టిన చేలు, రొయ్యల చెరువులు, నది, అన్నీ ఎండని కింద నుంచి కూడా విసురుతాయి. హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం) లేకుండా ఈ లెన్సులు వాడటం నాకైతే దండగ పనే. రబ్బరు హుడ్ చాలు. పాత నికాన్ 50 ఎఫ్1.8కి 52 ఎంఎం, చాలా టకుమార్‌లకి 49 ఎంఎం సైజు. ఫొటో పాలిపోయినట్టు వచ్చినా రా ఫైల్‌లో (కెమెరా మార్చకుండా దాచే ఫైల్) నలుపుని కొంచెం దించితే చాలావరకు తేరుకుంటుంది.

సూర్యాస్తమయం తీసి, లెన్స్ తెరిచి ఉంచి కెమెరాని ఆకాశం వైపు వదిలేయకండి. అడ్డంగా అద్దం లేదు, ఎండ నేరుగా షట్టర్ మీదో సెన్సర్ మీదో పడి కాల్చగలదు. తీయడం అవగానే క్యాప్.

## 9. ఇలా అయితే ఇలా చేయండి

రింగు తిప్పినా ఫొటో వెలుతురు మారట్లేదు. ఎం42లో పిన్ను నొక్కుకోలేదు, ఎఫ్‌డీలో అడాప్టర్ ఓపెన్‌లో ఉంది, లేదా రేకులు నూనెతో అతుక్కున్నాయి. ముందు నుంచి చూస్తూ రింగు తిప్పితే తెలిసిపోతుంది.

మధ్యలో తెల్లటి మచ్చ. అడాప్టర్ లోపలి మెరుపు. నల్ల వెల్వెట్ పట్టీ అంటించండి, నూలు పోగులు రాలని రకం.

మూలలు మసక. ఎఫ్8కి మూసి చూడండి. అప్పటికీ నాలుగు మూలలూ సమానంగా మసకగా ఉంటే లెన్స్ తత్వం అంతే.

లెన్స్ బరువుకి అడాప్టర్ వంగుతోంది. కోరింగ మడ అడవుల్లో పిట్టల కోసం 300 ఎంఎం తగిలించినవాళ్ల బాధ ఇది. ఎడమచేత్తో లెన్స్‌నే పట్టుకోండి, బాడీని కాదు. ట్రైపాడ్‌కి బిగిస్తే లెన్స్ కాలర్‌కో అడాప్టర్ కాలుకో బిగించండి.

షట్టర్ పడట్లేదు. నాలుగో మెట్టు మళ్లీ చదవండి.

## 10. తేమ నుంచి కాపాడుకోవడం

ఇన్ని చేసి చివరికి బీరువాలో బట్టల మధ్య పెడితే వానాకాలం వెళ్లేసరికి ఫంగస్ మొదలు. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే దానికి పండగే, కోనసీమలో వానాకాలమంతా అదే పరిస్థితి. లెన్స్ ఉన్నచోట 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ 30 కన్నా దించితే గ్రీజు, రబ్బరు ఎండుతాయి.

డ్రై క్యాబినెట్ కొనగలిగితే మంచిది. లేకపోతే గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్. చవక మీటర్లు అబద్ధం చెబుతాయి కాబట్టి ముందు పరీక్షించండి: సీసా మూతలో ఉప్పు వేసి కొన్ని చుక్కల నీళ్లతో ముద్దలా తడిపి, మీటర్‌తో కలిపి జిప్ కవర్లో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 80 చూపిస్తే ఎప్పుడూ 5 తగ్గించి చదువుకోండి.

- తోలు కేసులు డబ్బాలోకి వద్దు, ఫంగస్‌కి మేత అవే.
- బియ్యంలో పెట్టొద్దు. నూకపొడి రింగుల్లోకి పోతుంది.
- కలరా ఉండలు వేయొద్దు. ఆ ఆవిరి అద్దాలకి పడుతుంది.
- ఆరెంజ్ జెల్ పచ్చబడినా, నీలం జెల్ గులాబీ రంగులోకి మారినా 110-120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడండి. వంట మూకుడులో వేయించకండి, నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది. విడిగా పాత గిన్నె ఒకటి పెట్టుకోండి.

ఏసీ గదిలోంచి మే నెల గాలిలోకి తీయగానే అద్దాలకి చెమట పడుతుంది. కెమెరాని సంచిలోనే ఉంచి జిప్ తీయకుండా అరగంట ఆగండి. తుడుస్తూ కూర్చుంటే లోపలి అద్దాలకి పట్టింది పోదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లొస్తే ఉప్పుగాలి లెన్స్ ఒంటికి అంటుకునే ఉంటుంది. ఇంటికి రాగానే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఒళ్లూ అడాప్టర్ బయటి వైపూ తుడవండి. అద్దం మీద ఇసుక ఉండగా గుడ్డ పెట్టొద్దు. ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. నెలకోసారైనా అన్ని లెన్సులూ బయటికి తీసి ఫోకస్, అపర్చర్ రింగులు ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పి, రెండో మెట్టులో చెప్పిన టార్చ్ పరీక్ష మళ్లీ చేయండి. ఫంగస్ దారం కనిపించిన లెన్స్‌ని వెంటనే వేరే డబ్బాలోకి మార్చి, లోపలి అద్దం మీద ఉంటే రిపేరు చేసేవాళ్లకి ఇచ్చేయండి.